సంతకం మీదే... నిర్ణయం కూడా మీదే!

బ్యాంకులో సంతకం ఎవరు పెట్టారు? మీరు.

నెలనెలా కిస్తీ ఎవరు కడుతున్నారు? మీరు.

ఆ డబ్బుతో ఏం చెయ్యాలో ఎవరు తేల్చారు?

జవాబు చెప్పడానికి కాస్త తడబడ్డారా? అయితే ఇది మీకోసమే.

పొదుపు సంఘంలో చేరారు. డ్వాక్రా లోన్ వచ్చింది. చాలామంది ఇక్కడితో పనైపోయిందనుకుంటారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. లెక్క చూసుకోవడం, నలుగురిలో మాట్లాడటం, కాదనాల్సిన చోట కాదనడం, సరుకుకు ధర కట్టడం... ఇవన్నీ సంఘం నేర్పే స్కిల్స్. దీనికి కాలేజీ అక్కర్లేదు. ఫీజు లేదు. క్లాసు మీ వీధి అరుగు మీదే.

నేను మారగలనా అని అడక్కండి. మారతారు. ఎలా మారాలో ఇప్పుడు చూద్దాం.

మీకు ముందు నడిచినవాళ్లు

1992. నెల్లూరు జిల్లా దూబగుంట. సాయంత్రంపూట అక్షరాస్యత తరగతికి వెళ్లే ఆడవాళ్లు వాచకంలో ఒక ఊరి కథ చదివారు. ఆ కథలో ఆడవాళ్లంతా ఒక్కటై సారా దుకాణం మూయిస్తారు. వీళ్లు చదివి ఊరుకోలేదు. తమ ఊళ్లోనూ మూయించారు. రోశమ్మ లాంటి మామూలు పల్లెటూరి మహిళ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలసాగింది. రోజుకో రూపాయి దాచుకుందామన్నారు. నెల్లూరు జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ అలా ఊపందుకుంది.

అదే 1992లో నాబార్డ్ 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. 2000లో మన దగ్గర గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడింది. వెలుగు, ఇందిరా క్రాంతి పథం కార్యక్రమాల కింద సంఘాలు గ్రామ సంఘాలుగా, మండల సమాఖ్యలుగా, జిల్లా సమాఖ్యలుగా ఎదిగాయి. ఇప్పుడు దేశమంతటా జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద సుమారు 90 లక్షల సంఘాలున్నాయి. 10 కోట్లకు పైగా కుటుంబాలు వాటిలో ఉన్నాయి.

ఇందులో వరస గమనించండి. దూబగుంట ఆడవాళ్లకు మొదట నోరు వచ్చింది. తర్వాత పొదుపు వచ్చింది. బ్యాంకు ఆ వెనకాల వచ్చింది. మీ సంఘంలో బ్యాంకు ముందొచ్చి నోరు ఇంకా రాకపోతే, కంగారు లేదు. ఇవాళే మొదలుపెట్టవచ్చు.

ముందు ఈ మూడు మాటలు మానండి

మీ నోటి నుంచి రోజూ వచ్చే మాటే మీ మైండ్‌సెట్. మాట మారిస్తే ఆలోచన మారుతుంది.

1. “మాకేం తెలుసు?” దీని బదులు: “నాకు అర్థమయ్యేదాకా చెప్పండి.”

2. “అన్నీ లీడర్ చూసుకుంటుంది.” దీని బదులు: “పుస్తకం ఒకసారి ఇటివ్వక్కా, నేనూ చూస్తాను.”

3. “మా ఆయన్ను అడిగి చెబుతాను.” దీని బదులు: “నేను ఆలోచించుకుని, ఇంట్లో మాట్లాడి చెబుతాను.”

మూడోది జాగ్రత్తగా చూడండి. ఇంట్లో మాట్లాడొద్దని ఎవరూ అనడం లేదు. మాట్లాడాల్సిందే. అయితే ముందు మీ ఆలోచన మీకుండాలి. అడగడానికి వెళ్లేవాళ్లు ఖాళీ చేతులతో వెళ్తారు. చర్చించడానికి వెళ్లేవాళ్లు లెక్కతో వెళ్తారు. మీరు లెక్కతో వెళ్లండి.

ఇక అడుగులు వేద్దాం.

అడుగు 1: మీటింగ్‌ను మీటింగ్‌లా జరపండి

చాలా సంఘాల్లో మీటింగ్ ఎలా జరుగుతోంది? లీడర్ ఇంటికి ఒక్కొక్కరూ వచ్చి డబ్బులిచ్చి పోతారు. ఖాళీగా ఉన్నప్పుడు పుస్తకంలో అందరి సంతకాలూ పడిపోతాయి. ఇది మీటింగ్ అనిపించుకోదు. వసూలు అనిపించుకుంటుంది.

రోజు మార్చొద్దు. టైము మార్చొద్దు. చోటు మార్చొద్దు. నాట్లయినా, కోతలైనా ఆ గంట సంఘానిదే. పగలు కూలిపని ఉంటే రాత్రి ఎనిమిదింటికి పెట్టుకోండి. ఆ గంటను ఇలా పంచుకోండి:

• మొదటి 10 నిమిషాలు: హాజరు, పోయినసారి తీర్మానాలు చదవడం.
• తర్వాత 15 నిమిషాలు: పొదుపు, కిస్తీల వసూలు. ఎవరెంత కట్టారో గట్టిగా చదవాలి.
• తర్వాత 15 నిమిషాలు: కొత్త అప్పుల మీద చర్చ.
• తర్వాత 15 నిమిషాలు: ఒక అంశం. ఆడపిల్ల చదువు, రక్తహీనత, విత్తనాలు, రేషన్ కార్డు, ఏదైనా సరే.
• చివరి 5 నిమిషాలు: తీర్మానాలు చదివి, అందరూ సంతకం చెయ్యడం.

ఒక్క రూల్ తప్పకుండా పెట్టుకోండి. ప్రతి మీటింగ్‌లో ప్రతి ఒక్కరూ కనీసం ఒక మాట మాట్లాడాలి. మొదట్లో సిగ్గేస్తుంది. గొంతు వణుకుతుంది. నాలుగైదు మీటింగ్‌లకు అలవాటైపోతుంది. ధైర్యం కూడా రొట్టె చెయ్యడం లాంటిదే. మొదటివి వంకరగా వస్తాయి, చేయి తిరిగాక గుండ్రంగా వస్తాయి.

అడుగు 2: పంచసూత్రాలు గోడ మీద వద్దు, ఒంట్లో ఉండాలి

ఐదూ మీకు నోటికొచ్చు. క్రమం తప్పని సమావేశం. క్రమం తప్పని పొదుపు. క్రమంగా అంతర్గత అప్పులు. సకాలంలో తిరిగి చెల్లింపు. ఎప్పటికప్పుడు పుస్తకాలు రాసుకోవడం.

ఐదింటిలో చాలా సంఘాలు వదిలేసేది మూడోది. పొదుపు బ్యాంకులో పడి ఉంటుంది. అదే సభ్యురాలు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తుంది!

ఒక్కసారి లెక్క వేద్దాం. యాభై వేలు, నూటికి మూడు రూపాయలు. నెలకు 1,500. అసలు అలాగే ఉంటే ఏడాదికి వడ్డీ 18,000. అదే సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుంటే ఏడాదికి 6,000. తేడా 12,000. పైగా ఆ 6,000 కూడా వడ్డీ వ్యాపారికి పోదు. మీ సంఘం నిధిలోనే చేరుతుంది.

పది మంది నెలకు 200 చొప్పున కడితే ఏడాదికి 24,000. చిన్న మొత్తమే అనిపిస్తుంది. దాన్ని సభ్యుల మధ్య తిప్పండి. ఒకరి ఆసుపత్రి ఖర్చు, ఇంకొకరి స్కూలు ఫీజు, మరొకరి ఎరువుల బస్తా, అన్నీ దానితోనే గట్టెక్కుతాయి. తిరిగే డబ్బే సంఘాన్ని బతికిస్తుంది.

అడుగు 3: పుస్తకం మీరే చదవండి

చదువు రాదన్న సాకు వద్దు. చిట్టీ పాట లెక్క నోటితో తేల్చే మీకు పొదుపు లెక్క కష్టమా? అంకెలు గుర్తుపట్టగలిగితే చాలు. మిగతాది ఇంట్లో చదువుకునే పిల్లల దగ్గర కూర్చుని నేర్చుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

నెలకోసారి ఈ ఐదు ప్రశ్నలకు జవాబు మీ అంతట మీరే చెప్పగలగాలి:

1. నా పొదుపు ఇప్పటికి ఎంతైంది?
2. నేను కట్టాల్సిన అప్పు ఇంకా ఎంతుంది? అందులో అసలెంత, వడ్డీ ఎంత?
3. సంఘం ఖాతాలో ఈరోజు ఎంతుంది?
4. సంఘంలో ఎవరెవరు బాకీ ఉన్నారు? ఎన్ని నెలలుగా?
5. పుస్తకంలో అంకె, బ్యాంకు పాస్‌బుక్‌లో అంకె ఒకటేనా?

ఐదో ప్రశ్న అడిగితే లీడర్‌కు కోపమొస్తుందని భయపడకండి. నిజాయితీ ఉన్న లీడర్‌కు ఆ ప్రశ్నే రక్ష. “అక్కా, నీ మీద అనుమానం లేదు. రేపు ఎవరూ నిన్ను ఒక మాట అనకూడదనే చూస్తున్నాం” అని చెప్పండి. మూడు నెలలకోసారి పాస్‌బుక్ అప్‌డేట్ చేయించి మీటింగ్‌లో గట్టిగా చదివించండి.

సెల్‌ఫోన్ మీద కూడా ఇదే శ్రద్ధ పెట్టండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. పిన్ మనసులోనే ఉండాలి, ఏటీఎం కార్డు వెనకాల రాసిపెట్టకూడదు. మిషన్ మీద వేలిముద్ర వేసే ముందు “ఎంత డబ్బు? దేనికి?” అని అడిగి, ఆ తర్వాతే వేలు పెట్టండి.

అడుగు 4: అప్పుకు ముందు ఐదు ప్రశ్నలు

ఇది అన్నిటికంటే ముఖ్యం. అప్పు చెడ్డది కాదు. ఆలోచన లేని అప్పు చెడ్డది.

• ఈ డబ్బు దేనికి? ఒక్క వాక్యంలో చెప్పగలనా?
• దీనివల్ల ఆదాయం వస్తుందా? ఎన్నో నెల నుంచి?
• ఆ ఆదాయం రాకపోతే కిస్తీ ఎక్కడి నుంచి కడతాను?
• డబ్బు చేతిలో పెట్టుకునేది నేనేనా, ఇంకెవరైనానా?
• ఇప్పటికే ఇంకెక్కడ బాకీ ఉన్నాను?

నాలుగో ప్రశ్న దగ్గర నిజం చెప్పుకోండి. ఇంకొకరి కోసం మీ పేరున లోన్ తీసుకోవడం సాయం కాదు. వాళ్లు కట్టకపోతే చెడ్డపేరు మీకొస్తుంది, మీ సంఘానికొస్తుంది. బంధువైనా, ఊళ్లో పెద్దమనిషైనా జవాబు ఒక్కటే: “సంఘంలో తీర్మానం చేశాం. ఎవరి లోన్ వాళ్లే వాడుకోవాలి.” ఈ మాట అనడానికి వీలుగా ముందే నిజంగా తీర్మానం రాసుకోండి. ఒంటరిగా కాదనడం కష్టం. పుస్తకం చూపించి కాదనడం తేలిక.

ఐదో ప్రశ్న కూడా ముఖ్యమే. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో ఇంట్లో రెండు మూడు మైక్రోఫైనాన్స్ అప్పులు. ఒక అప్పు కట్టడానికి ఇంకో అప్పు. వారం వారం గుమ్మంలో వసూళ్లు. పరిస్థితి ప్రాణాల మీదికొచ్చాక ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఇప్పుడు అదే బెడద ఫోన్‌లోని లోన్ యాప్ రూపంలో తిరుగుతోంది. ఐదు నిమిషాల్లో అప్పిచ్చేవాడు, ఐదు నిమిషాల్లో పరువూ తీస్తాడు.

2022లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన మైక్రోఫైనాన్స్ నిబంధనల ప్రకారం, కుటుంబం నెల ఆదాయంలో కిస్తీలన్నీ కలిపి సగం దాటకూడదు. మీరు దానికన్నా గట్టి గీత గీసుకోండి. పావు వంతు దగ్గరే ఆగండి.

అడుగు 5: కుర్చీ తిప్పండి

పదేళ్లుగా ఒక్కరే లీడరా? ఆమె ఎంత మంచిదైనా సరే, సంఘానికి అది మంచిది కాదు. ఆమెకూ మంచిది కాదు. బ్యాంకుకు తిరిగి తిరిగి ఆమె అలసిపోతుంది. మిగతావాళ్లు బ్యాంకు గడప తొక్కకుండానే ఉండిపోతారు.

రెండేళ్లకోసారి లీడర్లను మార్చండి. పాత లీడర్ కొత్త లీడర్‌ను వెంటబెట్టుకుని మూడు నెలలు తిప్పాలి. బ్యాంకుకు, గ్రామ సంఘానికి, మండల సమాఖ్యకు. బ్యాంకుకు వెళ్లిన ప్రతిసారీ మూడో మనిషిని కూడా తీసుకెళ్లండి. ఇలా చేస్తే కొన్నేళ్లకు మీ సంఘంలో పది మందీ లీడర్లే.

లీడర్ అమ్మలారా, మీకొక మాట. మీరు లేని రోజు కూడా మీటింగ్ సాఫీగా జరిగిందా? అయితే మీరు గెలిచారు.

అడుగు 6: బ్యాంకులో నిలబడి కాదు, కూర్చుని మాట్లాడండి

మీరు దానం అడగడానికి వెళ్లడం లేదు. బ్యాంకుకు మీరు కస్టమర్. కిస్తీ ఠంచనుగా కట్టే కస్టమర్. ఆ ఎరుకతో లోపలికి వెళ్లండి.

వెళ్లే ముందు ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకోండి:

• కనీసం ఆరు నెలలుగా పంచసూత్రాలు పాటిస్తూ, పుస్తకాలు సరిగ్గా ఉన్న సంఘం లోన్ అడగవచ్చు.
• మొదటి విడత లోన్: సంఘం నిధికి ఆరు రెట్లు, లేదా కనీసం లక్షన్నర. రెండింటిలో ఏది ఎక్కువైతే అది.
• 10 లక్షల వరకు సంఘం లోన్‌కు ఏ తాకట్టూ అక్కర్లేదు. మార్జిన్ కూడా అక్కర్లేదు.
• ఆ లోన్ కోసం మీ పొదుపు ఖాతాను స్తంభింపజేయకూడదు. డిపాజిట్ చెయ్యమని పట్టుబట్టకూడదు. ఇవి రిజర్వ్ బ్యాంక్ మార్గదర్శకాలు.

ఇప్పుడు మాట ఎలా ఉండాలి? “నమస్తే సార్. మాది ఫలానా గ్రామం, ఫలానా సంఘం. మూడేళ్లుగా ఒక్క కిస్తీ కూడా తప్పలేదు. ఇదిగో మా సూక్ష్మ రుణ ప్రణాళిక. ఎవరికి ఎంత కావాలో, దేనికో ఇందులో రాశాం. ఎప్పటికల్లా మంజూరవుతుందో చెప్పండి.” అంతే. వినయం ఉంది, వంగడం లేదు. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకోండి. పని కాకపోతే “ఎందుకు కాదో కాగితం మీద రాసివ్వండి సార్” అనండి. ఈ ఒక్క వాక్యం చాలా ఫైళ్లను కదిలిస్తుంది.

లోన్ వచ్చాక నగదుగా పంచుకోవద్దు. సంఘం ఖాతా నుంచి ప్రతి సభ్యురాలి సొంత ఖాతాకు పంపండి. డబ్బు మీ ఖాతాలో పడితే నిర్ణయం మీ చేతిలో ఉండటానికి సగం దారి పడినట్టే.

అడుగు 7: మీ కష్టానికి కూలి కట్టండి

ఆదాయం అనగానే పచ్చళ్లు, అప్పడాలు, కుట్టు మిషన్ గుర్తొస్తాయి. మంచివే. అయితే చాలామంది ఒకచోట దెబ్బతింటారు. తమ కూలి లెక్కలో వేసుకోరు.

ఉదాహరణకు పది కిలోల ఆవకాయ పెట్టారనుకుందాం. కాయలు, కారం, ఆవపిండి, నూనె, సీసాలు అన్నీ కలిపి 2,400 అయింది. కిలో 350కి అమ్మారు. 3,500 వచ్చింది. 1,100 లాభమని సంబరపడ్డారు.

ఆగండి. ఇద్దరు మనుషులు రెండేసి రోజులు పనిచేశారు కదా? రోజుకు 400 చొప్పున 1,600. ఇప్పుడు ఖర్చు 4,000. వచ్చింది 3,500. మీరు 500 నష్టపోయారు! కిలో 400కు అమ్మితే కానీ కూలి కూడా గిట్టదు. లాభం కావాలంటే ఆ పైన పెట్టాలి. లేదా ఖర్చు తగ్గించుకోవాలి.

ఏ వ్యాపారానికైనా ఈ నాలుగు అలవాట్లు చేసుకోండి:

1. మీ కూలిని ఖర్చులో మొదటి వరసలో రాయండి.
2. చిన్నగా మొదలుపెట్టండి. ముందు పది కిలోలు. అమ్ముడుపోయాకే యాభై.
3. ఇంటి పర్సు, వ్యాపారం పర్సు వేరు చెయ్యండి.
4. కొనేవాళ్లను అడగండి: “ఏం బాగుంది, ఏం బాగాలేదు?” చెప్పింది రాసుకోండి.

తినే సరుకు అమ్ముతుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ప్యాకెట్ మీద తయారైన తేదీ, బరువు, ధర వెయ్యండి. పరిచయం లేని ఊళ్లో మీ సరుకును నమ్మించేది ఆ లేబులే.

ఇప్పుడు కేంద్రం ‘లఖ్‌పతి దీదీ’ అంటోంది. అంటే ఏడాదికి కుటుంబ ఆదాయం కనీసం లక్ష ఉండాలి, అదీ ఒక్క సీజన్‌లో వచ్చి పోకుండా నిలకడగా. లక్ష ఒక్కదారిలో రాకపోవచ్చు. రెండు గేదెల పాలు కొంత, పెరటి కోళ్లు కొంత, కుట్టుపని కొంత. దారులు మూడుంటే ఒకటి మూసుకున్నా ఇల్లు ఆగదు.

అడుగు 8: విడివిడిగా చెయ్యండి, కలిసి అమ్మండి

విడిగా వెళ్తే దళారి చెప్పిందే రేటు. కలిసి వెళ్తే మీరు అడిగిందానికి విలువ. ఇది మన నేల మీదే రుజువైంది.

ముల్కనూరు చూడండి. పొదుపు అలవాటైన పల్లె మహిళలు తమ సొంత పాల సహకార డెయిరీ పెట్టుకున్నారు. సభ్యులు మహిళలే, బోర్డులో కూర్చునేదీ మహిళలే. ‘స్వకృషి’ పేరుతో పాలు, పెరుగు అమ్ముతున్నారు.

కర్నూలు దగ్గర ఓర్వకల్లు చూడండి. పొదుపులక్ష్మి ఐక్య సంఘం మహిళలు పొదుపుతో ఆగలేదు. తమ ప్రాంతం పిల్లల కోసం బాలభారతి అనే స్కూలు నడిపే స్థాయికి వెళ్లారు.

జహీరాబాద్ ప్రాంతం చూడండి. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు చిరుధాన్యాల విత్తనాలు తమ ఇళ్లలోనే కాపాడుకున్నారు. 2008లో సొంత రేడియో స్టేషన్ కూడా పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ ఆ సంఘాలకొచ్చింది.

నారాయణపేట చూడండి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జిల్లా మహిళా సమాఖ్య ఆధ్వర్యంలో పెట్రోల్ బంకు మొదలైంది. ఊళ్లలో వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపేదీ, బడిపిల్లల యూనిఫాంలు కుట్టేదీ మహిళా సంఘాలే. 2023లో ప్రకటించిన ‘నమో డ్రోన్ దీదీ’ కింద 15,000 సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. పొలంలో మందు కొట్టే పని ఇప్పుడు ఆడవాళ్ల చేతిలోని రిమోట్‌కు వస్తోంది.

వీళ్లెవరూ పుట్టుకతో వ్యాపారులు కారు. మీలాగే నెలకింతని కట్టినవాళ్లు. మీకూ సాధ్యమే.

మొదటి మెట్టు చిన్నది. ఈ సీజన్‌లో ఎరువులో, కారమో, దాణానో మీ సంఘమంతా కలిసి ఒకేసారి కొనండి. విడిగా కొంటే ఎంతయ్యేదో, కలిసి కొంటే ఎంతైందో పుస్తకంలో రాయండి. ఆ తేడా చూశాక కలిసి అమ్మడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు.

అడుగు 9: బయట ఎవరున్నారో చూడండి

మీ వాడలో సంఘంలో లేని ఆడమనిషి ఎవరు? వలస వెళ్లొచ్చిన కుటుంబమా? భర్త చనిపోయిన చిన్న వయసు అమ్మాయా? నడవలేని మనిషా? కిస్తీ కట్టలేక మధ్యలో మానేసిన చెల్లెలా?

వాళ్లను పిలవండి. పొదుపు మొత్తం తగ్గించి అయినా చేర్చుకోండి. బలమైనవాళ్లే కలిస్తే అది క్లబ్బు. బలహీనులనూ కలుపుకుంటేనే సంఘం.

కిస్తీ తప్పినవాళ్ల ఇంటి ముందు అరవకండి. ముందు వెళ్లి కూర్చోండి. జబ్బా? పంట పోయిందా? తాగుడా? కారణం తెలిస్తే దారి దొరుకుతుంది. గడువు పెంచి, తీర్మానం రాసి, మళ్లీ నిలబెట్టండి. పరువు తీస్తే డబ్బూ రాదు, మనిషీ మిగలదు.

అందరికీ బీమా కూడా చూడండి. ప్రధానమంత్రి సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు. జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436. ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. రెండూ కలిపినా రోజుకు రూపాయిన్నర కూడా కాదు. ఈ నెల మీటింగ్‌లో ఎవరికి ఉందో, ఎవరికి లేదో జాబితా రాయండి.

ఇంట్లో మాట ఎలా?

బయట ఎంత నేర్చినా ఇంట్లో మాట చెల్లకపోతే ఉపయోగం లేదు. ఇక్కడ పోట్లాట పనికిరాదు. ప్లాన్ పనికొస్తుంది.

అన్నం తిన్నాక, ప్రశాంతంగా ఉన్నప్పుడు, లెక్క రాసిన కాగితం ముందు పెట్టండి. “ఏవండీ, సంఘంలో యాభై వేలు వస్తోంది. గేదె కొందామనుకుంటున్నాను. పాల డబ్బు నెలకు ఇంత, దాణా ఇంత, కిస్తీ ఇంత. మీరేమంటారు?” అనండి. మీకు ఒక ప్లాన్ ఉందని ఆయనకు అర్థమవుతుంది. సలహా ఉంటే వినండి. బాగుంటే తీసుకోండి. “డబ్బు నాకివ్వు, నేను చూసుకుంటా” అంటే మాత్రం మెత్తగా, గట్టిగా చెప్పండి: “కట్టాల్సింది నేను కదా. నా చేతి మీదుగానే జరగనీయండి.”

మొదటిసారి వినకపోవచ్చు. రెండో నెల పాల డబ్బు మీ ఖాతాలో పడ్డాక వింటారు. మాట చెల్లాలంటే లెక్క తప్పకూడదు.

చెయ్యి చేసుకునే ఇల్లైతే ఆ బాధ ఒంటరిగా మొయ్యకండి. సంఘంలో చెప్పండి. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు అందరి ఫోన్లలోనూ ఉండాలి.

90 రోజుల ప్లాన్

చదివి పక్కన పెడితే ఏదీ మారదు. ఈ వారమే మొదలుపెట్టండి.

మొదటి నెల:
• మీటింగ్ రోజు, టైము తేల్చండి. గంట ప్లాన్ అమలు చెయ్యండి.
• పాస్‌బుక్ అప్‌డేట్ చేయించి అందరి ముందూ చదవండి.
• అడుగు 3లోని ఐదు ప్రశ్నలకు జవాబులు మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

రెండో నెల:
• ‘ఎవరి లోన్ వాళ్లే వాడుకోవాలి’ అన్న తీర్మానం చెయ్యండి.
• ఖాళీగా ఉన్న సంఘం నిధిని అంతర్గత అప్పులుగా తిప్పండి.
• కొత్తగా ఇద్దరిని బ్యాంకుకు తీసుకెళ్లండి.
• బీమా లేనివాళ్లకు చేయించండి.

మూడో నెల:
• ఒక సరుకు కలిసి కొనండి. తేడా రాయండి.
• ఒక చిన్న వ్యాపారానికి కూలితో సహా ఖర్చు లెక్క కట్టండి.
• గ్రామసభకు సంఘం మొత్తం వెళ్లండి. ఒక్క ప్రశ్న అడగండి. నీళ్ల గురించో, దారి గురించో, వీధి దీపం గురించో. ఆ ప్రశ్న మినిట్స్‌లో రాయించండి.

మధ్యలో ఒక వారం తప్పితే నిరాశపడకండి. మళ్లీ ఆ మరుసటి మీటింగ్‌కు కూర్చోండి. అలవాటు తెగేది ఒకసారి తప్పినందుకు కాదు, తప్పాక మానేసినందుకు.

చివరిగా

ప్రభుత్వాలు మారతాయి. పథకాల పేర్లు మారతాయి. వడ్డీ రాయితీ ఒక ఏడాది వస్తుంది, ఇంకో ఏడాది ఆలస్యమవుతుంది. వాటి మీద మీ పట్టు తక్కువ. మీ మీటింగ్, మీ పొదుపు, మీ పుస్తకం, మీ మాట... ఈ నాలుగూ పూర్తిగా మీ చేతిలో ఉన్నాయి. వీటిని పట్టుకున్న సంఘం ఏ పథకం వచ్చినా ముందు వరసలో ఉంటుంది. ఏ పథకం రాకపోయినా నిలబడుతుంది.

ఈసారి మీటింగ్‌లో లీడర్ పుస్తకం ముందుకు జరిపి “సంతకం పెట్టమ్మా” అన్నప్పుడు, పెన్ను తీసుకునే ముందు ఒక్క మాట అనండి: “ముందు చదవక్కా, విని పెడతాను.”

మీ మార్పు ఆ ఒక్క వాక్యంతో మొదలుపెట్టండి. ఈ మీటింగ్ నుంచే!